చేతులు ఆపినవాళ్లు

మా సంఘంలో అరవై ఒక్క మంది ఆడవాళ్ల చేతులు రెండేళ్లలో పనికిరాకుండా పోతాయని మణికట్టుకు కట్టిన ఆ పట్టీ తేల్చింది. అది తప్పని అందరికంటే ముందు తెలిసింది నాకే. తెలిసీ పదకొండు రోజులు నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదో చెబుతాను. చెప్పాక ఎవరేమనుకున్నా సరే.

మాది బీడీల పేట. మూడు వందల నలభై మంది ఆడవాళ్లం కలిసి నడుపుకొనే ఐకమత్య మహిళా పొదుపు సంఘం మాది. నెలకు రెండు శుక్రవారాలు మధ్యాహ్నం మూడింటికి సంఘం హాలులో కూర్చుంటాం. ఊరికే కూర్చోం. ఎవరి చాట వాళ్ల ఒళ్లో, ఎవరి తంబాకు వాళ్లది, తడిపి కోసిన తునికాకు పక్కన. మాట్లాడుతూనే బీడీలు చుడతాం. రెండు గంటలు చేతులు ముడుచుకుంటే ఆ పూట కూలి ఎవరిస్తారు?

అప్పు కావలసిన మనిషి లేచి తన అవసరం చెప్పుకుంటుంది. ఆమెకు పూచీ ఉండదలచినవాళ్లు చుట్టడం ఆపేసి, చాట కిందపెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంటారు. ఆమె కట్టలేకపోతే నేను కడతానని నోటితో అనక్కర్లేదు. ఆమె సంగతి తేలేవరకు, ఒక్కోసారి అరగంటైనా, ఆ చేతులు కదలవు. సంతకాలు తర్వాత. ముందు చేతులు ఆపాలి. నేను సంఘంలో చేరకముందు నుంచీ ఇదే పద్ధతి.

చేరి నాలుగేళ్లయింది, నేను ఒక్కసారి కూడా ఆపలేదు. ఆమె కట్టకపోతే? ఆమె మొగుడు తాగి పడిపోతే? నా మొగుడు భీవండిలో మగ్గం మీద పడే పాట్లు ఒకరి బాకీకి పోతే? ఇలా ఒకదాని వెనక ఒకటి ఆలోచన వచ్చేది. తల వంచుకుని ఇంకా జోరుగా చుట్టేదాన్ని. నన్నెవరూ ఏమీ అనలేదు. అనరు కూడా. అందుకే ఇంకా సిగ్గు.

నా బిడ్డ ధన్వికకు చెవులు వినపడవు. మూడేళ్లు దాటాక గానీ మాకు ఖాయంగా తెలియలేదు. అప్పటికి సర్కారు పథకం వయసు దాటిపోయింది. లోపల పరికరం పెట్టి ఆపరేషన్ చేస్తే వింటుందనీ, నాలుగేళ్లు నిండేలోపే చెయ్యాలనీ, ఆలస్యమైతే మాటలు రావడం కష్టమనీ డాక్టరు చెప్పాడు. ఆరు లక్షలు. సంఘం ఇస్తానంది. కానీ రెండు లక్షలు దాటిన ఏ అప్పుకైనా జిల్లా సహకార అధికారి సంతకం కావాలి. మా ఫైలు ఆయన బల్ల మీద ఐదు నెలలుగా ఉంది. నేను తొమ్మిదిసార్లు వెళ్లాను. మూడుసార్లు ఆయన లేడు, నాలుగుసార్లు మీటింగులో ఉన్నాడు, రెండుసార్లు ఉన్నాడు గానీ నన్ను చూడలేదు.

బిడ్డకు నాలుగేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలే ఉంది.

అప్పుడొచ్చింది కొత్త చట్టం. పొదుపు సంఘాలు ఇకమీద రాష్ట్రం కింద, అంటే జిల్లా అధికారి కింద ఉండాలా, లేక ఢిల్లీలోని జాతీయ ప్రాధికార సంస్థ కిందికి వెళ్లాలా అనేది సభ్యులే తేల్చుకోవచ్చు. జాతీయం కిందికి వెళితే జిల్లా సంతకం అక్కర్లేదు. గంటలో మంజూరు. ఒకటే షరతు. అందరూ భరోసా పట్టీ కట్టుకోవాలి.

*

పట్టీని తెచ్చింది డాక్టర్ నివేదిత. దాన్ని కనిపెట్టిందీ ఆమే. నలభై ఐదేళ్లుంటాయి, మామూలు కాటన్ చీర, గంటకోసారి కళ్లద్దాలు వెతుక్కునే మనిషి. సంఘం హాలు వెనక గదిలో తన యంత్రాలు పెట్టుకుని మొదట బుచ్చవ్వ పెద్దమ్మ మణికట్టుకు గాజుల పక్కన కట్టింది. గాజంత సన్నగా ఉంది.

"ఇది ఏం జేస్తది మేడం?" అంది పెద్దమ్మ.

"మీ చేతిలో నరాలు, సన్న ఎముకలు మాట్లాడుకునేది వింటుందమ్మా. అరవై రోజులు విని, రెండేళ్ల తర్వాత ఈ చెయ్యి పనిచేస్తుందో లేదో చెబుతుంది."

"నలభై ఏండ్లు నా మొగడే ఇనలే. ఇది ఇంటదా?"

గదంతా నవ్వు. నివేదిత కూడా నవ్వింది. తర్వాత తన ఫోనులో ఒక బొమ్మ చూపింది. బక్కపల్చటి కంసాలి, చేతిలో పట్టుకారు. "మా నాన్న. యాభై రెండేళ్లకు వేళ్లు బిగుసుకుపోయాయి. ముందే తెలిసుంటే వైద్యం ఉండేది. ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది చేశాను. పదివేల మంది మిల్లు కార్మికుల మీద చూశాం. నూటికి తొంభై ఆరు మందికి చెప్పింది చెప్పినట్టే జరిగింది."

చెయ్యి ఎంతకాలం నిలుస్తుందో దాన్నిబట్టి నూటికి ఒక అంకె ఇస్తుంది పట్టీ. జాతీయ సంస్థ అప్పు ఇచ్చేది ఆ అంకె చూసే. నలభైకి తగ్గితే అప్పు లేదు, పూచీ ఉండకూడదు, సంఘంలో ఓటు కూడా ఉండదు. పేరు మాత్రం ఉంటుంది.

పదో తరగతి మధ్యలో మానేసినా అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ చదవగలనని అధ్యక్షురాలు వినోదక్క నన్ను నివేదితకు సాయం పెట్టింది. ఇంటింటికీ వెళ్లి పట్టీలు సరిగా ఉన్నాయో లేదో చూడడం, ఊడినవి కట్టడం. బిడ్డ నా చంకన. అది నా నోరు చూసేది కాదు, ఎప్పుడూ నా చేతులే చూసేది. ఆకు కోస్తే కోతకు తల ఊపేది, దారం చుడితే తన వేళ్లూ చుట్టేది.

అరవయ్యో రోజున నా అంకె చూపించింది నివేదిత. ఎనభై ఆరు. సంఘం మొత్తంలో అదే మొదటిది.

జీవితంలో నాకు ఏ పరీక్షలోనూ అన్ని మార్కులు రాలేదు. ఆ రోజు ఇంటికి ఎలా నడిచానో తెలియదు. "నా అంకెకు అప్పు గంటలో వస్తదట," అని భీవండికి ఫోను చేసి అరిచాను. అవతల మగ్గాల చప్పుడులో ఆయన మూడుసార్లు "ఏందీ?" అన్నాడు. నాలుగోసారి ఏమీ అనలేదు. ఏడుస్తున్నాడని అర్థమైంది.

*

మర్నాడు నివేదిత నన్ను వెనక గదిలోకి పిలిచింది. తెర మీద గీతలు.

"అఖిలా, ఇది చూడు. ఈ అరవై ఒక్క మందికి మామూలు రోజుల్లో చేతులు బాగానే ఉన్నాయి. ఉన్నట్టుండి ఆగిపోతున్నాయి. ఇరవై నిమిషాలు, ముప్పై నిమిషాలు, కదలికే లేదు. పైగా గుండె దడ. మిల్లు కార్మికుల్లో ఇలా పని మధ్యలో చెయ్యి మొద్దుబారడం జబ్బుకు మొదటి గుర్తు. ఎందుకు ఆగుతున్నాయి?"

నేను ఆగిన వేళలు చూశాను. అన్నీ శుక్రవారాలే. మూడింటికీ ఐదింటికీ మధ్యే.

ఒక్క క్షణంలో తెలిసిపోయింది. అది జబ్బు కాదు. వాళ్లు పూచీ ఉన్నారు. ఎవరు ఎక్కువమందికి పూచీ ఉన్నారో వాళ్ల అంకె అంత తక్కువ. గుండె దడ ఎందుకుండదు? ఇంకొకరి బరువు నెత్తికెత్తుకునేటప్పుడు ఎవరికైనా ఉంటుంది. ఇక నా చేతులు ఎన్నడూ ఆగలేదు. అందుకే నాకు ఎనభై ఆరు.

నిజం చెబితే ఏమవుతుంది? పరీక్ష మళ్లీ మొదలంటారు. మళ్లీ అరవై రోజులు. నా బిడ్డకు అన్ని రోజులు లేవు.

"తెల్వది మేడం. చేతులు గుంజుతయేమో," అన్నాను.

ఆమె రాసుకుంది. నేనన్న మాటే రాసుకుంది. 'సభ్యులు నొప్పి చెబుతున్నారు' అని.

*

అరవై ఒక్క మందికీ కబురు అందింది. మందులు వాడండి, పని తగ్గించండి, అంకె పెరగకపోతే ఓటు ఉండదు అని.

బుచ్చవ్వ పెద్దమ్మకు వచ్చిన అంకె ముప్పై ఎనిమిది. రోజుకు వెయ్యి బీడీలు ముప్పై ఏళ్లుగా చుట్టిన చేతులవి. నేను పట్టీ చూడడానికి వెళ్లేసరికి ఉప్పు వేసిన వేడినీళ్ల గిన్నెలో చేతులు ముంచి కూర్చుంది. పక్కన చాట, అందులో మూడొందలు కూడా లేవు.

"నిన్నటిదాంక ఏం లేకుండె బిడ్డా," అంది. "మేడం చెప్పినకాడికెల్లి గీ బొటనవేలు జారుతున్నట్టే ఉంటాంది. ముడి బిగిస్తుంటె చూసుకుంట కూసుంటున్న. పోతదా, ఇయ్యాల్నే పోతదా అని. చాయ గిలాస ఎత్తాలన్నా భయమే."

పట్టీ చూశాను. ముప్పై ఒకటి. జబ్బు లేని చేతికి జబ్బు వస్తుందని చెప్పి, ఆ భయంతో దాన్ని నెమ్మది చేసి, చూశారా, చెప్పినట్టే అయిందని మళ్లీ అంకె తగ్గిస్తోంది. దాని మాట అది తనే నిజం చేసుకుంటోంది.

"పెద్దమ్మా, మీరు శుక్రవారం మీటింగుల వద్దనుండ్రి. జాతీయానికి పోవద్దని చెయ్యెత్తుండ్రి," అన్నాను.

ఆమె నీళ్లలోంచి చేతులు తీసి కొంగుకు తుడుచుకుంది. నన్ను చూడలేదు, నా బిడ్డను చూసింది. "పిచ్చిదానా. గీ పొల్లకు చెవులొస్తయంటే నా ఓటు ఎవనికి గావాలె? నేను పోదామనే చెయ్యెత్తుత. మావాళ్లందరికి జెప్పిన గూడ. అఖిల బిడ్డ కోసం పోదాం అని."

అక్కడ కూర్చోలేకపోయాను.

నేను పిరికిదాన్నే. కానీ నా పిరికితనానికి మంచి మార్కులు వేసి, ఈమె ధైర్యాన్ని జబ్బు అని రాసే యంత్రానికి తల ఊపుతూ కూర్చునేంత పిరికిదాన్ని మాత్రం కానని ఆ సందులో నడుస్తూ తేల్చుకున్నాను. దారి పొడవునా బిడ్డను గట్టిగా పట్టుకున్నాను. అది ఊపిరాడక నన్ను గిల్లింది.

*

శుక్రవారం హాలు కిక్కిరిసింది. వినోదక్క చట్టం చదివింది. కార్ఖానాలో మేస్త్రీనే నిలదీసే కమల మొదట లేచింది. "జిల్లా సారు కింద ఏం సుఖపడ్డం? కమిటీ నచ్చకుంటె రద్దు జేస్తా అంటడు. ఫైలు వెడితె పిల్లలు వెట్టేదాంక పొదుగుతడు. పోదాం."

చాలామంది అవునన్నారు. ఆమె మాటలో అబద్ధం లేదు. ఐదు నెలలు ఆ వరండాలో నిలబడ్డది నేనే కదా.

నేను లేచాను. "మేడమూ, నేను మీకు అబద్ధం జెప్పిన," అన్నాను నివేదితతో. "వాళ్లకు నొప్పుల్లేవు. మా కాడ పూచీ ఉండేటోళ్లు చేతులు ఆపుతరు. మీ పట్టీ చూసింది గదే."

హాలులో చేతులన్నీ ఒక్కసారి నెమ్మదించాయి.

"నాకు మొదలే తెల్సు. నా బిడ్డ అప్పు కోసం జెప్పలే. నాకు ఎనభై ఆరు ఎందుకొచ్చిందంటే నాలుగేండ్లల్ల ఎవ్వలికోసం ఆపలే గనుక. పెద్దమ్మకు ముప్పై ఒకటి ఎందుకొచ్చిందంటే మీల సగంమందికి ఆమెనే పూచీ గనుక."

నివేదిత కళ్లద్దాలు వెతుక్కుంది, అవి తల మీదే ఉన్నాయి. పది నిమిషాలు తెర మీద వేళలు పోల్చి చూసింది. ఆ పది నిమిషాలూ నావైపు ఎవరూ చూడలేదు.

"నిజమే," అంది చివరికి. "నా యంత్రం తప్పు చెప్పింది. తప్పు నాది."

"అయితే దిద్దుండ్రి," అంది కమల.

"అది నా చేతిలో లేదమ్మా. కొలత చట్టంలోకి ఎక్కింది. మార్చాలంటే ఢిల్లీలో కమిటీ కూర్చోవాలి. ఏడాదికి ఒకసారి కూర్చుంటుంది. నేను రాస్తాను, తప్పకుండా రాస్తాను. అప్పటిదాకా ఈ అంకెలే."

"అప్పటిదాంక వీళ్లకు ఓటు లేదు?"

"లేదు."

"అఖిలకు అప్పు?"

"మీరు వెళదామంటే, ఆమె అంకెకు ఇప్పుడే వస్తుంది."

అప్పుడు అందరూ నన్ను చూశారు. నేను బిడ్డను చూశాను. అది పెద్దమ్మ పక్కన కూర్చుని ఆమె పట్టీ లాగుతోంది.

"నేను వద్దంటున్న," అన్నాను. వెనక వరసలకు వినపడేలా మళ్లీ అన్నాను. "జిల్లా సారు మంచోడని కాదు. నన్ను తొమ్మిదిసార్లు తిప్పిండు. కానీ ఆయనకు ఒక బల్ల ఉంది, ఒక తలుపు ఉంది, ఇక్కడికి బస్సుల గంట దూరం. తిట్టాలన్నా మొకముంది. దీనికి ఏముంది? మన అరవై ఒక్క మందిని ఎడం జేసినంక ఎవన్ని పోయి అడుగుదాం? ఏడాదికొక్కసారి కూసుండే కమిటీనా?"

"మరి నీ బిడ్డ?" అంది పెద్దమ్మ కోపంగా. "నీతులు చెప్పుడు సరే. దానికి చెవులు ఎవలు దెస్తరు, నీ అయ్య దెస్తడా?"

"నేనే దెస్త పెద్దమ్మా. మీ ఓటు అమ్మి మాత్రం తేను."

పెద్దమ్మ తన చాట కిందపెట్టింది. నాకోసమే. నాకు ఒళ్లు మండింది. నేనూ కూర్చుని నా చాట కిందపెట్టాను, ఆమెకోసం. నాలుగేళ్లలో అదే మొదటిసారి. మేమిద్దరం ఒకరినొకరు చూసుకుంటూ, ఏడుపుకూ తిట్లకూ మధ్యలో అలా కూర్చున్నాం. కమల "ఇగ మొదలువెట్టిండ్రు ఇద్దరు," అని గొణుగుతూ తన చాటా దించింది. చూస్తుండగానే హాలంతా బీడీల చప్పుడు ఆగిపోయింది. వెనక గదిలో యంత్రం కీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది. మూడొందల మందికి ఒకేసారి జబ్బు చేసిందనుకుంది పాపం. నివేదిత వెళ్లి దాని తీగ పీకింది.

ఓట్లు వేశాం. పోదామన్నవాళ్లు డెబ్బై రెండు. వద్దన్నవాళ్లు రెండు వందల నలభై ఒకటి.

నేను అబద్ధం చెప్పినందుకు వినోదక్క అందరి ముందూ చీవాట్లు పెట్టింది. పడ్డాను. మీటింగు అయ్యాక నివేదిత నా దగ్గరకొచ్చి చట్టం పుస్తకంలో ఒక చోట వేలు పెట్టింది. "ఇది చదువు. ఇక్కడే ఉండిపోయిన సంఘం ఏ ఏడాదైనా మళ్లీ ఓటు వేసి వెళ్లిపోవచ్చు. ఒక్క జిల్లాలో పది సంఘాలు వెళ్లిపోతే ఆ అధికారి ఆఫీసే ఎత్తేస్తారు. ఆయన ఇది చదివే ఉంటాడు."

*

సోమవారం పొద్దున నలభై మంది రెండు ఆటోల్లోనూ ఒక బస్సులోనూ జిల్లా ఆఫీసుకు వెళ్లాం. చాటలతో సహా. ప్యూను "లోపలికి ఒక్కరే," అన్నాడు. వినోదక్క నన్ను ముందుకు తోసింది. బిడ్డనెత్తుకుని వెళ్లాను.

సారు ఈసారి ఉన్నాడు. కాగితాల్లోంచి తల ఎత్తకుండా "రేపు రండి," అన్నాడు.

నేను ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదలు.

"సార్, శుక్రవారం మా సంఘం ఓటు వేసుకుంది. ఢిల్లీకి పోదామా, మీ కిందనే ఉందామా అని."

అప్పుడు తల ఎత్తాడు. "ఏమైంది?"

"ఉంటున్నం."

కుర్చీలో వెనక్కి వాలి నవ్వబోయాడు.

"ఈ ఏడాదికి," అన్నాను. "మళ్ల ఏడాది మళ్ల వేసుకుంటం. ఇది నా బిడ్డ ఆపరేషన్ ఫైలు. ఏడు నెలలు దాటింది. సంతకం పెట్టుండ్రి. లేకుంటె పెట్టనని రాసియ్యుండ్రి. ఏ రూలు ప్రకారం పెట్టరో అది గూడ రాయుండ్రి. మా సభ్యులకు చదివి వినిపించాలె."

ఆయన కిటికీలోంచి వరండా వైపు చూశాడు. నలభై మంది వరసగా గోడకానుకుని బీడీలు చుడుతున్నారు. ఒక తెల్ల కాగితం తీసుకున్నాడు. 'నిబంధనల ప్రకారం' అని రాశాడు. ఆగాడు. లావు పుస్తకం దించి తిరగేశాడు. ఒక పేజీ దగ్గర ఆగి, మళ్లీ తిప్పాడు. గుమస్తాను పిలిచాడు. గుమస్తా కూడా తిప్పాడు. బిడ్డ బల్ల మీది గంటను ఠంగుమని నొక్కి, ఏమీ వినపడక, దాని మీద పెట్టిన తన వేలినే చూసుకుంటోంది. ప్యూను పరుగెత్తుకొచ్చాడు. నేను బిడ్డను ఆపలేదు. మళ్లీ నొక్కింది.

పావుగంట తర్వాత సారు ఆ తెల్ల కాగితం ఉండ చుట్టి బుట్టలో పడేశాడు. ఫైలు దగ్గరికి లాక్కుని సంతకం పెట్టి, ముద్ర వేసి, నా ముందుకు నెట్టాడు.

బిడ్డకు నాలుగేళ్లు నిండడానికి ఇంకా నలభై రోజులున్నాయి. అక్షరం అక్షరం చదువుకున్నాను. 'మంజూరు చేయడమైనది.' రెండోసారి కూడా అదే ఉంది.

"అయిపోయింది కదమ్మా. ఇక వెళ్లండి," అన్నాడు.

"మా సంఘంవి ఇంకా ఏడు ఫైళ్లున్నయి సార్," అని కుర్చీ ముందుకు జరుపుకున్నాను.